దూకడం ఒక్క సర్గ



2021 ఆగస్టు నెల. కరోనా రెండో విడత తగ్గింది గాని బడులు ఇంకా తెరవలేదు. పాఠాలు టీశాట్, దూరదర్శన్ యాదగిరి ఛానెళ్లలో వస్తున్నాయి. ఇబ్రహీంపట్నం వైపు మా బాలాపూర్‌లో, మా ఇంటికంతటికీ ఒకటే పెద్ద ఫోను. పొద్దున అది బడి. మధ్యాహ్నం మా అబ్బాయి చేతిలో ఉండేది. సాయంత్రం అయ్యిందంటే మనవడి సొత్తు. ఆ నెల 6వ తేదీన ‘ది లెజెండ్ ఆఫ్ హనుమాన్’ యానిమేషన్ సీరీస్ రెండో సీజన్ డిస్నీ ప్లస్ హాట్‌స్టార్‌లో విడుదలైంది. తొమ్మిదేళ్ల మనవడు అరుగు మీద కూర్చుని, తెర మీద వెలుతురు పడకుండా నెత్తి మీద నా తువ్వాల కప్పుకొని, ఆ చీకట్లో లంకను చూశాడు. పక్కన నేనూ తల దూర్చాను. పదమూడు ఎపిసోడ్లూ అట్లాగే తువ్వాల కిందే చూశాం.

నేను ముప్పై ఏళ్లకు పైగా పిల్లలకు డ్రాయింగు చెప్పినవాణ్ణి. బొమ్మ గీయడం నా పని, బొమ్మ కదలడం నా చిన్ననాటి ఆశ. హనుమంతుడంటే మా ఊరి హనుమాండ్ల గుడి దగ్గర ఆడుకుంటూ పెరిగినవాడికి ఉండే చనువు నాకూ ఉంది. ఆ రెండింటి నుంచీ మాట్లాడతాను.

మొదట సీరీస్ సంగతి. దీన్ని తయారుచేసింది గ్రాఫిక్ ఇండియా సంస్థ. సృష్టికర్తలు శరద్ దేవరాజన్, జీవన్ జె. కాంగ్, చారువి అగర్వాల్. మొదటి సీజన్ 2021 జనవరి 29న వచ్చింది. రెండోది అదే ఏడాది ఆగస్టులో. ఒక్కోదానికి పదమూడు ఎపిసోడ్లు. హిందీతో పాటు తెలుగులోనూ, ఇంకా పలు భారతీయ భాషల్లోనూ పెట్టారు. ఆ తర్వాత 2024లో మూడు, నాలుగు, ఐదు సీజన్లు కూడా వచ్చాయి. నేను మాత్రం ఇవాళ రెండో సీజన్ దగ్గరే ఆగుతాను. ఎందుకంటే అసలు పరీక్ష అక్కడే ఉంది.

మొదటి సీజన్ కథ హనుమంతుడు తన శక్తిని మరిచిపోయిన కథ. అందులో దారం బలంగా ఉంటుంది. ఈయనకు తన బలం ఎప్పుడు గుర్తొస్తుంది, ఎవరు గుర్తుచేస్తారు అని చూసేవాడు ఎదురుచూస్తాడు. కథ తెలిసినవాడు ఇంకా ఎక్కువ ఎదురుచూస్తాడు. జాంబవంతుడు నోరు తెరిచేదాకా ఊపిరి బిగబట్టుకుంటాడు. సరే, గుర్తొచ్చింది. ఇక రెండో సీజన్‌లో ఏం చెయ్యాలి? కొండంత పెరగగలవాడు, సముద్రం దాటగలవాడు, ఆయుధం తాకినా లెక్కచెయ్యనివాడు. అలాంటి మనిషి యుద్ధం చేస్తుంటే భయపడేదెవరు? గెలుస్తాడని తెలిసిన కుస్తీ ఎంతసేపు చూస్తాం?

ఈ చిక్కు వాల్మీకికీ వచ్చింది. ఆయన దాన్ని విప్పిన తీరు చూడండి. సుందరకాండలో అరవై ఎనిమిది సర్గలున్నాయి. నూరు యోజనాల సముద్రం దాటడం మొదటి సర్గలోనే అయిపోతుంది. మైనాకుడు, సురస, సింహిక, అందరూ ఆ ఒక్క సర్గలోనే. పెద్ద సర్గే, కాదనను. కాని ఒక్కటే. అవతలి ఒడ్డున కాలు పెట్టాక ఆయన హనుమంతుడికి ఇచ్చిన పని బలంతో అయ్యేది కాదు. వెతకడం. ఎన్నడూ చూడని ఒక ఆడమనిషిని, తెలియని ఊళ్లో, రాత్రిపూట, ఎవరి కంటా పడకుండా వెతకాలి. అందుకు కొండంత ఒళ్లు అడ్డం. కాబట్టి పిల్లి అంత అయిపోయి లోపలికి వెళ్లాడు. బలాన్నంతా చేతికిచ్చి, దాన్ని వాడే వీలు లేకుండా చేశాడు కవి. అసలు ఉత్కంఠ అందులోంచి పుడుతుంది.

ఈ సీజన్‌కు ముడిసరుకు అదే. సముద్రం దాటి లంకలో సీతమ్మను వెతకడం. సీరీస్ ఆ సరుకును ఎంతవరకు వాడుకుందన్నదే నా లెక్క.

ముందు మంచి చెప్తాను, మనసారా చెప్తాను. ఏ ఫ్రేము దగ్గర ఆపినా అది గోడకు తగిలించుకునే బొమ్మ. మబ్బుల అంచుల వెంట వెలుగు, రాళ్ల మీద నీడ, దూరం పెరిగేకొద్దీ రంగు పలచబడటం, వీటిని నేను బోర్డు మీద సుద్దతో చెప్పలేక అవస్థపడ్డ రోజులున్నాయి. ఫోను ఆపి, ‘ఇదిగో, దూరపు కొండ ఇట్లా నీలంగా అవుతుంది చూడు’ అని మనవడికి చూపించాను. దర్శకుల్లో ఒకరైన జీవన్ కాంగ్ కామిక్ బొమ్మల మనిషి. 2004లో వచ్చిన ‘స్పైడర్‌మ్యాన్: ఇండియా’ కామిక్కుకు బొమ్మలు ఆయనవే. ధోవతి కట్టిన ఆ సాలీడు మనిషే 2023లో హాలీవుడ్ యానిమేషన్ సినిమాలోనూ కనిపించాడు. ఆ చేతివాటం ఇక్కడ ప్రతి భంగిమలో తెలుస్తుంది. హనుమంతుడు గద ఎత్తి నిలబడ్డ తీరులో బరువు ఉంది. గద బరువు భుజంలో కనిపిస్తుంది, భుజం బరువు మడమలో కనిపిస్తుంది. ఇది తేలిక పని కాదు. బరువు లేని వీరుడు గాలిబుడగలా ఉంటాడు.

రెండో మంచి, పరిమాణం. పక్కన మనిషి ఎంతున్నాడో, చెట్టు ఎంతున్నదో చూపిస్తేనే కదా ఎదుటివాడు ఎంత పెద్దవాడో కంటికి తెలిసేది. సముద్రం మీద ఎగురుతున్న వానరుణ్ణి ఆకాశమంత తెరలో చిన్న చుక్కగా పెట్టి, ఆ చుక్క వెనకాల నీళ్లు చీలిపోవడం చూపిస్తే మా అరచేతిలోని ఫోనే సముద్రమైంది. మనవడు తువ్వాల తీసేసి లేచి నిలబడ్డాడు.

మూడోది రావణుడు. తెలుగువాళ్ల దగ్గర రావణుణ్ణి చులకన చేసి బతకలేరు. 1958లో ‘భూకైలాస్’, 1961లో ‘సీతారామ కల్యాణం’ సినిమాలు చూసిన జాతి మనది. పది తలల వెనక పాండిత్యం, గాంభీర్యం ఉండాలని మనకు నందమూరి తారక రామారావు అలవాటు చేసి వెళ్లారు. ఈ సీరీస్‌లో రావణుడు ఆ కొలతకు తక్కువ కాలేదు. హిందీలో కథ చెప్పే గొంతూ, రావణుడి గొంతూ ఒకరివే, శరద్ కేల్కర్‌వి. బాహుబలి హిందీలోకి వెళ్లినప్పుడు మన ప్రభాస్‌కు గొంతిచ్చింది ఆయనే. రాముడి దూత కథను రావణుడి గొంతు చెప్పడంలో నాకు ఒక వింత న్యాయం కనిపించింది. ఓడినవాడే సాక్ష్యం చెప్తున్నట్టు ఉంటుంది.

ఇప్పుడు కుదరని సంగతులు.

ఆపి చూస్తే బొమ్మ బాగుంది అన్నాను. ఆపకుండా చూస్తే? అక్కడ వచ్చింది ఇబ్బంది. యానిమేషన్‌లో ముఖ్యమైన భంగిమలను కీ ఫ్రేములంటారు. రెండు కీ ఫ్రేముల మధ్య నింపే బొమ్మలను ఇన్‌బిట్వీన్లు అంటారు. కామిక్కుకు కీ ఫ్రేములు చాలు, మధ్యలోవి చదివేవాడు మనసులో గీసుకుంటాడు. తెరకు అవి చాలవు. చెయ్యి లేవబోయే ముందు భుజం కొంచెం కిందికి దిగాలి. తల తిరిగే ముందు కళ్లు తిరగాలి. మాట వచ్చే ముందు ఛాతీ నిండాలి. ఈ సీజన్‌లో పోరాటాల్లో ఆ శ్రద్ధ కనిపిస్తుంది. పోరాటం ఆగి ఇద్దరు నిలబడి మాట్లాడుకునేసరికి ఒళ్లు బిగుసుకుంటుంది. పెదవులు కదులుతాయి, చెంపలు కదలవు. కనుబొమలు ముడిపడతాయి, కిందనున్న కళ్లకు ఆ కబురు అందదు.

ఒక్క ఏడాదిలో ఇరవై ఆరు ఎపిసోడ్లు చూపించాలంటే ఎక్కడో ఒకచోట పొదుపు చెయ్యాల్సిందే, నాకు తెలుసు. దెబ్బలాటల దగ్గర ఖర్చుపెట్టి ముఖాల దగ్గర పొదుపు చేశారు. నేనైతే తలకిందులు చేసేవాణ్ణి. సుందరకాండ ముఖాల కథ.

ఒక ఘట్టం చెప్తాను. రావణుడి అంతఃపురంలో నిద్రపోతున్న మండోదరిని చూసి హనుమంతుడు ఆమే సీత అనుకుంటాడు. ఆనందం పట్టలేక తోక ముద్దు పెట్టుకుంటాడు, స్తంభాలు ఎక్కి దిగుతాడు, అచ్చం కోతిలా గంతులు వేస్తాడు. మరుక్షణమే తేరుకుంటాడు. రాముణ్ణి ఎడబాసిన సీత ఇంత అలంకరణతో ఇంత హాయిగా నిద్రపోతుందా, ఛీ, ఏమనుకున్నాను అని. వాల్మీకి ఇచ్చిన ఈ నాలుగు క్షణాలు యానిమేటరుకు వరం కాదా? తోక ఉంది, స్తంభం ఉంది, ఆనందం, సిగ్గు, అన్నీ ఉన్నాయి. ఆ తర్వాత ఎక్కడా సీత కనిపించక, వట్టి చేతులతో తిరిగి వెళ్లడం కంటే ప్రాణం వదలడం మేలనుకునేంత నిరాశ. ఇక్కడ గద పనికిరాదు. వంగిన వీపు గీయగలగాలి. ఇలాంటి మెత్తటి చోట్లకు రాగానే ఈ సీజన్‌కు కాలు నిలవదు, మరో గర్జన వైపు పరుగెత్తుతుంది. ఆ కండలు గీసిన చేతులకు ఆ వీపు గీయడం రాదని నేను నమ్మను. అక్కడ ఆగితే చూసేవాడు లేచిపోతాడేమో అన్న భయం అది.

లేచిపోడు. మన తోలుబొమ్మలాటను చూడండి. ఆ మేకతోలు బొమ్మ ముఖంలో ఏ కండరమూ కదలదు. చేతులు కదులుతాయి, నడుము కదులుతుంది, అంతే. అయినా సీతమ్మ ఏడిస్తే తెల్లవారుజామున జనం కళ్లు తుడుచుకున్నారు. ఎట్లా? గొంతుతో. తెర వెనక ఆడించేవాడే పాడతాడు, కాళ్ల కింద చెక్క పలకలు తొక్కి యుద్ధం పుట్టిస్తాడు, అవి ఆపేసి నిశ్శబ్దం పుట్టిస్తాడు. మధ్యలో జుట్టుపోలిగాడు, బంగారక్క వచ్చి అచ్చంగా మన ఊరి మాటతో నవ్విస్తారు. అనంతపురం వైపు నిమ్మలకుంటలో ఈ కళను నిలబెట్టిన దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ఇచ్చారు. కదలని ముఖం దోషం కాదన్నమాట. కదలని ముఖానికి కదిలే గొంతు తోడు కావాలి.

ఆ గొంతు దగ్గరే ఈ సీజన్ తెలుగువాడికి దూరమైంది. నాలుగో ఎపిసోడో ఐదోదో నడుస్తుండగా మనవడు తువ్వాల కింద నుంచి అడిగాడు. ‘తాతా, హనుమంతుడు గిట్ల పుస్తకం చదివినట్టు ఎందుకు మాట్లాడ్తుండు?’

పిల్లవాడు తప్పు పట్టడానికి అడగలేదు. నిజంగానే అర్థం కాక అడిగాడు. తెలుగు మాటలన్నీ సరైనవే. వ్యాకరణం తప్పలేదు. అయితే ప్రతి వాక్యం సభలో నిలబడి ప్రకటించినట్టు ఉంటుంది. మిత్రుడితో మాట్లాడినా, శత్రువుతో మాట్లాడినా, తనలో తాను అనుకున్నా ఒకటే వరస. పెదవుల కదలికకు సరిపెట్టాలని మాట సాగదీయడం, లేకపోతే కుదించడం. దానికి తోడు కథ చెప్పే గొంతు. కంటికి కనిపిస్తున్నదాన్నే చెవికి మళ్లీ చెప్తుంది. చీకటి కమ్మిందని తెర చెప్పాక గొంతు కూడా చెప్పనక్కరలేదు. రేడియోలో మాట్లాడుతున్నాను కాబట్టి ఆ తేడా నాకు ఈ గదిలో ఇంకా బాగా తెలుస్తోంది. ఇక్కడ మీకు చీకటిని నేను మాటతో చెప్పాలి. అక్కడ అక్కరలేదు.

మనవడి ప్రశ్నకు ఆరోజు నేను చెప్పిన జవాబు సుందరకాండ ముప్పయ్యో సర్గలో ఉంది. అశోకవనంలో చెట్టు కొమ్మల్లో దాక్కున్న హనుమంతుడికి కింద సీతమ్మ కనిపించింది. ఇక మాట్లాడాలి. మాట్లాడే ముందు ఆగి ఆలోచిస్తాడు, ఏ భాషలో? పండితుడిలా సంస్కృతం మాట్లాడితే, రావణుడే మారువేషంలో వచ్చాడని ఆమె హడలిపోతుంది. కాబట్టి మామూలు మనుషులు మాట్లాడే మాటే మాట్లాడాలి అని నిశ్చయించుకుంటాడు. ఇది ఎవరు ఆలోచిస్తున్నారు? కిష్కింధకాండలో తొలిసారి కలిసినప్పుడే, ఇతని మాటలో ఒక్క అపశబ్దం లేదని రాముడి చేత అనిపించుకున్నవాడు. అంత భాష వచ్చినవాడు, ఎదుటి మనిషి భయాన్ని చూసి తన పాండిత్యాన్ని పక్కన పెట్టాడు. సముద్రం దాటడం కంటే నాకు ఇదే పెద్ద దూకుడు అనిపిస్తుంది.

ఆ ఒక్క సర్గను రెండో సీజన్ తెలుగు సంభాషణలు రాసేవాళ్ల బల్ల మీద ఎవరైనా పెట్టి ఉంటే ఎంత బాగుండేది! రావణుడు గ్రాంథికంగా మాట్లాడొచ్చు, ఆయనకు నప్పుతుంది. జాంబవంతుడు పెద్దవాళ్లు మాట్లాడినట్టు నిదానంగా మాట్లాడొచ్చు. హనుమంతుడు మాత్రం మనసులో మాట మనలాగా మాట్లాడాలి. 1968లో ‘వీరాంజనేయ’ సినిమాలో ఆర్జా జనార్దనరావు అంత మేకప్పు లోపలి నుంచి కూడా మనింటి మనిషిలా పలికారు. ఎం.ఎస్. రామారావు గారు సుందరకాండను తెలుగులో పాడి ఇంటింటికీ చేర్చారంటే, వాల్మీకి చదవనివాళ్లకు కూడా వంటింట్లో పని చేసుకుంటూ అర్థమయ్యే మాట వాడబట్టే కదా. నమూనాలు మన దగ్గరే ఉన్నాయి.

ఇంకొక సంగతి, చిన్నదే గాని చెప్పాలి. వెలుతురు. ఈ సీజన్‌లో లంక చాలా చీకటి. పెద్ద తెర మీద ఆ చీకటి అందంగా ఉంటుందేమో. ఆ ఏడాది ఊళ్లలో పిల్లలు చూసింది పెద్ద తెర మీద కాదు. పగలు, గీతలు పడ్డ ఫోను మీద. మా తువ్వాల కథ అందుకే. వాల్మీకి లంకలో ఆ రాత్రి చంద్రుడు వెన్నెల కురిపిస్తాడు, బంగారు ప్రాకారాలు మెరుస్తుంటాయి. అందమైన ఊరు అది. అంత అందంలో ఒక్క చెట్టు కింద దుఃఖం ఉండటమే అక్కడి బాధ.

ఇవన్నీ చెప్పానని, పోరాట యానిమేషన్ అంటే ఇంతే అనుకోకండి. కిందటి శతాబ్దం చివరి పదేళ్ల మొదట్లో జపాను, భారత కళాకారులు కలిసి చేసిన రామాయణం సినిమా 2025 జనవరిలో మన థియేటర్లలోకి తెలుగులోనూ వచ్చింది. యూగో సాకో, రామ్ మోహన్‌ల పని అది. చేత్తో గీసిన బొమ్మలు, ఇప్పటి హంగు ఏదీ లేదు. కాని హనుమంతుడి ముఖంలో చిలిపితనం, సంకోచం రెండూ ఉన్నాయి. ఇక రెండో సీజన్ల సంగతే తీసుకుంటే, ప్రపంచమంతా మెచ్చిన ‘ఆర్కేన్’ యానిమేషన్ సీరీస్ ఉంది. ఫ్రాన్సు దేశపు ఫోర్టిష్ స్టూడియో చేసింది. అక్కడ ముఖాలే మాట్లాడతాయి, కంటి కింద చర్మం కూడా నటిస్తుంది. అయినా 2024 నవంబరులో వచ్చిన దాని రెండో సీజన్ తొమ్మిది ఎపిసోడ్లలో నగరం గొడవ, అక్కాచెల్లెళ్ల గొడవ, మాయశక్తి గొడవ అన్నీ ముగించాలని పరుగెత్తి ఆయాసపడింది. ముఖాలు బాగా గీసినవాళ్లకూ నిలబడి చూపించే తీరిక దొరకలేదు.

మన ‘లెజెండ్ ఆఫ్ హనుమాన్’ దర్శకులు జీవన్ కాంగ్, నవీన్ జాన్ 2024 మే నెలలో ‘బాహుబలి: క్రౌన్ ఆఫ్ బ్లడ్’ అనే తొమ్మిది ఎపిసోడ్ల సీరీస్ చేశారు. రాజమౌళి, శరద్ దేవరాజన్ కలిసి రూపొందించిన కథ. మాహిష్మతి సెట్టు వేసిన రామోజీ ఫిల్మ్ సిటీ మా వైపుదే, మా రంగారెడ్డి జిల్లాలోనే. అందుకని ఊళ్లో దానిమీద మమకారం ఎక్కువ. ఆ సీరీస్‌లోనూ నాయకుడికి ఏమీ కాదని మనకు ముందే తెలుసు, సినిమా చూసేశాం కదా. అందుకే రక్తదేవుడనే శత్రువు దండయాత్ర కంటే కట్టప్ప ఎటువైపు అన్న అనుమానమే కథను నడిపింది. బలవంతుడి కథలో బరువు బలం మీద కాకుండా ఇంకెక్కడో పెట్టాలని వాళ్లకూ అనిపించి ఉంటుంది. నాకు అది సంతోషం కలిగించింది.

ఇదంతా విని, ఈ సీజన్ చూడొద్దంటున్నానని అనుకునేరు. చూడండి, పిల్లలకు చూపించండి. మన దేశంలో, మన కథతో, మన కళాకారుల చేతులతో ఇంత పెద్ద ఎత్తున పోరాట యానిమేషన్ వస్తుందని నా చిన్నప్పుడు ఎవరైనా చెబితే నమ్మేవాణ్ణి కాదు. అభిమానం ఉంది కాబట్టే ఇన్ని అడుగుతున్నాను.

ముప్పయ్యో సర్గ చెప్పిన ఆ సాయంత్రం మనవడు ఫోను పక్కన పెట్టి, సగం వాడేసిన నోటుబుక్కు తెచ్చుకున్నాడు. చాలాసేపు గీశాడు. చూస్తే పేజీ నిండా లంక కోట ద్వారం. రెండువైపులా ఈటెలు పట్టుకున్న కాపలా రాక్షసులు, మీసాలతో సహా. హనుమంతుడు ఏడిరా అని అడిగాను. వేలితో కింద మూలన చూపించాడు. ద్వారం అంచున ఒక చిన్న వంకర గీత. తోక కొస ఒక్కటే కనిపిస్తోంది. మిగిలినదంతా అప్పటికే లోపలికి వెళ్లిపోయింది.